పైపులో శత్రువు, ఇసుకలో మిత్రుడు

బోరు నీళ్లు బయటికి వచ్చినప్పుడు అద్దంలా ఉంటాయి. కాసేపు నిలిస్తే తొట్టి అంచున ఎర్రటి జిగురు. నిమ్మ చెట్టు ఆకు వాడితే గానీ డ్రిప్పరు మూసుకుపోయిందని తెలియదు. అడిగితే ఒకరు యాసిడ్ పొయ్యమంటారు, ఇంకొకరు బ్లీచింగ్ పౌడర్ కలపమంటారు. ఆ రెండూ ఎప్పుడూ కలపకండి, వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది.

ఆ జిగురు ఒట్టి తుప్పు కాదు. అందులో ఇనుము మీద బతికే బ్యాక్టీరియా ఉంది. గాలియొనెల్లా అనేదాన్ని 1836లోనే జర్మనీ శాస్త్రవేత్త ఎరెన్‌బర్గ్ వర్ణించాడు. భూమి లోపల గాలి తగలని నీటిలో ఇనుము కరిగి ఉంటుంది, కంటికి కనపడదు. పైకొచ్చి కాస్త గాలి సోకగానే ఈ బ్యాక్టీరియా దాన్ని తుప్పుగా మార్చి, ఆ పనిలో పుట్టే శక్తితో బతుకుతుంది. తుప్పు నీటిలో కరగదు కాబట్టి ఎక్కడ దొరికితే అక్కడ అంటుకుంటుంది.

ఆ పని పైపులో జరిగితే మనకు నష్టం. ఇసుక తొట్టిలో చేయిస్తే లాభం. ఫ్రాన్స్, జర్మనీల్లో తాగునీటి కేంద్రాలు ఇదే చేయిస్తున్నాయి. నీటికి గాలి తగిలించి ఇసుక గుండా పంపుతారు, ఇనుము తియ్యడానికి వేరే మందు కలపరు. అయితే ఓపిక కావాలి. కొత్త ఇసుకలో బ్యాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఇసుకను బ్లీచింగ్‌తో కడిగితే కథ మళ్లీ మొదటికే. మామూలు నీటిని కింది నుంచి ఎదురు పంపి మడ్డి వదిలించాలి.

లీటరులో 1.5 మిల్లీగ్రాములు దాటి ఇనుముంటే డ్రిప్పుకు పెద్ద ముప్పు. నా పొలంలో పైపులు బిగించినప్పుడు ఎకరాలు కొలిచారు, చెట్ల వరుసలు లెక్కపెట్టారు. నీటిలో ఇనుమెంతో ఒక్కరూ అడగలేదు. సబ్సిడీ మంజూరుకు ముందే ఆ పరీక్ష చెయ్యాలని, ఇనుమున్న చోట గాలి తొట్టి, ఇసుక వడపోత ఖర్చునూ అందులో కలపాలని మన సంఘం పట్టుబట్టాలి. ఊరి తాగునీటికీ ఇది పనికొస్తుంది. ఇనుము నీళ్లు నేరుగా పెడితే ఆర్వో పొర కూడా పాడవుతుంది. కాకపోతే ఈ బ్యాక్టీరియా ఫ్లోరైడ్‌ను తియ్యదు. నల్గొండ లాంటి చోట్ల దాని దారి వేరే.

పరీక్ష ఆలస్యమైతే, అప్పుడే తోడిన గ్లాసుడు నీటిలో జామాకు నలిపి వేసి చూడండి. నీళ్లు ఊదా నలుపుకు తిరిగితే ఇనుము గట్టిగానే ఉన్నట్టు.