ఒక వంటకం - రెండు పేర్లు

దేశపటంపై గీత గీయడం సులభం. వంటింటిలో గీత గీయడం దుస్సాధ్యం. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపపు వేపుడు చీజు చరిత్ర ఈ సత్యానికి నిదర్శనం. దానిని గ్రీకు భాషీయులు ‘హలూమి’ అనీ, తుర్కీ భాషీయులు ‘హెల్లిం’ అనీ పిలుస్తారు. మన హలీముతో పేరులోనే పోలిక, పదార్థంలో లేదు.

గొర్రెపాలను, మేకపాలను, ఒక్కొక్కప్పుడు ఆవుపాలతో కూడా కలిపి గడ్డకట్టిస్తారు. ఆ గడ్డలను వాటి తేటనీటిలోనే మరల ఉడికించి, ఉప్పు, పుదీనా చేర్చి మడుస్తారు. అందుచేత అది తక్కిన చీజుల వలె పెనంపై కరిగిపోదు. పైన ఎర్రగా వేగి, లోపల మెత్తగా నిలుస్తుంది. వేసవిలో పుచ్చకాయ ముక్కలతో దానిని ఆరగించడం అక్కడి ఆచారం.

వెనిస్ ఏలుబడిలోని పదహారవ శతాబ్దపు రచనలలోనే దీని పేరు కనబడుతుంది. 1571లో ఉస్మానీ తురుష్కులు, 1878లో ఆంగ్లేయులు వచ్చారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. పాలకులు మారారు గాని పెనం మారలేదు. 1974లో ద్వీపం రెండుగా చీలినా, ఇరువైపులా ఈ చీజు వేగుతూనే ఉన్నది.

2014లో సైప్రస్ ప్రభుత్వం ఈ పేరుకు ఐరోపా సమాఖ్య రక్షణ కోరింది. 2010లో హైదరాబాదు హలీముకు మన దేశంలో లభించిన భౌగోళిక గుర్తింపు వంటిదే అది. ఆ రక్షణ తమను వెలివేస్తుందేమోనని ఉత్తరాది తుర్కీలు కలవరపడ్డారు. 2015లో ఒక అవగాహన కుదిరింది. 2021 ఏప్రిల్‌లో రెండు పేర్లూ కలిసి నమోదయ్యాయి.

ఇది న్యాయమైన నిర్ణయమని మేము భావిస్తున్నాము. ‘మొదట ఎవరు చేశారు?’ అన్న వాదానికి అంతు లేదు. తరతరాలుగా ఎవరు చేస్తూ వచ్చారో వారందరిదీ ఆ వంటకం. అయితే కాగితంపై పేరు దక్కినంత మాత్రాన చాలదు. ఉత్తరాది కాపరి పాలకు సైతం నిష్పాక్షికమైన పరీక్ష, బాహాటమైన విపణి దక్కినప్పుడే ఆ గుర్తింపు సార్థకం. లేనిచో రెండవ పేరు అలంకారప్రాయమే.

ఎడమనుండి తెలుగును, కుడినుండి ఉర్దూను చదివే మన పాఠకులకు ఈ సంగతి వింత కాదు. రెండు పేర్లు పక్కపక్కన నిలిచినంత మాత్రాన ఏ పేరూ చిన్నబోదు.