.32 బొమ్మ తుపాకీ కాదు, 9 ఎంఎం మన సంఘం పని కాదు

పోస్టు కాస్త పెద్దదే. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి, సగం చదివి మా మీద పడకండి.

ఉగాది తర్వాత మన గ్రూపులో ఒక వినతిపత్రం తిరుగుతోంది. "లైసెన్సున్న పౌరులకు 9 ఎంఎం పిస్టల్ అనుమతించాలి. .32, .22 లాంటి బొమ్మ తుపాకులతో కుటుంబాన్ని కాపాడుకోలేం. ఈ మాట సంఘం తరఫున ప్రభుత్వానికి రాద్దాం" అని దాని సారాంశం. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడతారట. మేము కొంతమంది సభ్యులం దీన్ని వ్యతిరేకిస్తున్నాం. ఎందుకో చెబుతాం.

ముందు వాళ్ల మాటలో ఉన్న నిజాన్ని నిజంగానే చెప్పుకుందాం. .32 బలహీనమైన తూటాయే. రివాల్వర్‌లో వాడే .32 లాంగ్ గానీ, పిస్టల్‌లో వాడే .32 ఏసీపీ గానీ 150 నుంచి 175 జౌల్స్ దగ్గర ఆగిపోతాయి. 9 ఎంఎం సుమారు 450 నుంచి 500 జౌల్స్ దాకా పోతుంది. అంటే దాదాపు మూడు రెట్లు. కాన్పూరు రివాల్వర్‌లో ఆరు తూటాలే పడతాయి. .22 ఇంకా చిన్నది. పైగా దానిలో మందు అంటించే రసాయనం తూటా అంచులో ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ నొక్కినా పేలకపోయే అవకాశం మిగతావాటికంటే ఎక్కువ. ధర సంగతి చెప్పనే అక్కర్లేదు. 2014లో కాన్పూరు నుంచి వచ్చిన 'నిర్భీక్' అరకిలో బరువున్న .32 రివాల్వర్. అప్పట్లో దాని వెల 1,22,000 రూపాయల పైమాటే. ఇవన్నీ లోపాలే, కాదనడం లేదు.

అయితే ".32 పాతకాలపు సరుకు, 9 ఎంఎం ఆధునికం" అనే మాట మాత్రం ఒట్టిది. .32 లాంగ్ పుట్టింది 1896లో, .32 ఏసీపీ 1899లో, 9 ఎంఎం 1902లో. అన్నదమ్ముల్లాంటి వయసులే.

మరి ఈ దేశంలో పౌరుడి చేతికి .32 ఎందుకొచ్చింది? మంచిదనో చెడ్డదనో ఎవరూ తూచి ఇవ్వలేదు. సైన్యం, పోలీసులు వాడే తూటా పౌరుడి తుపాకీలో పట్టకూడదన్నది బ్రిటిష్ కాలం నుంచీ వస్తున్న లెక్క. ఆయుధాగారం నుంచి దొంగిలించిన తూటా బయటి తుపాకీకి పనికిరాకూడదు, అంతే. .303 రైఫిల్ నిషిద్ధం కాబట్టే మన రైతుల చేతికి .315 వచ్చింది. 9 ఎంఎం నిషిద్ధం కాబట్టే .32 వచ్చింది. 1959 ఆయుధ చట్టం కూడా ఈ దారినే నడిచింది. 1980ల చివర్లో విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయాక మిగిలింది ప్రభుత్వ ఫ్యాక్టరీల సరుకు, పాత విదేశీ తుపాకులు. అమెరికాలో మూలన పడ్డ తూటా మన దగ్గర మహారాజైంది అందుకే.

"మన హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్ సైన్యం కోసం 9 ఎంఎం అస్మి తయారు చేస్తోంది, మన తెలుగువాళ్లు చేసింది మన చేతికి ఇవ్వరా?" అని ఒక సోదరుడు అడిగారు. అస్మి సైన్యం కోసం చేసిన మెషిన్ పిస్టల్. దానికి గర్వపడదాం. గర్వపడ్డ ప్రతిదాన్నీ బీరువాలో పెట్టుకోవాలని లేదు కదండీ.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. ".32 బొమ్మ తుపాకీ" అన్న మాట మన బెంగళూరులో కూర్చుని ఎలా అనగలిగారో మాకు అర్థం కావడం లేదు. 2017 సెప్టెంబర్ 5 రాత్రి రాజరాజేశ్వరి నగర్‌లో గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. వాడింది 7.65 ఎంఎం నాటు పిస్టల్ అని దర్యాప్తు చేసిన సిట్ చెప్పింది. 2015 ఆగస్టు 30న ధార్వాడలో ఎం.ఎం. కల్బుర్గిని చంపిందీ అదే తుపాకీ అని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఈ 7.65 మరేదో కాదు, .32 ఏసీపీకి యూరప్‌లో ఉన్న ఇంకో పేరు. గాంధీజీని చంపిన బెరెట్టా తూటా కూడా ఈ వినతిపత్రం అడుగుతున్న 9 ఎంఎం కాదు, దానికంటే పొట్టిదీ బలహీనమైనదీ అయిన 9 ఎంఎం షార్ట్. కాగితం మీద బలహీనమైన తూటా ఒంటి మీద బలహీనం కాదు. దాన్ని బొమ్మ అని పిలిచే ఇంట్లో దాన్ని బొమ్మలాగే పడేస్తారు. మా భయమంతా అదే.

ఇక .32 మంచి గుణాలు. ఎదురుతన్ను తక్కువ. వయసు పైబడ్డవాళ్లు, చిన్న చేతులున్నవాళ్లు కూడా గురి చెదరకుండా రెండో తూటా కాల్చగలరు. గురి విషయంలో దాన్ని వెక్కిరించేవాళ్లు ఒక్కసారి షూటింగ్ పోటీలు చూడండి. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ పోటీలో ప్రపంచమంతటా షూటర్లు ఇష్టపడేది ముక్కు చదునుగా ఉండే .32 లాంగ్ తూటానే. మన జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది ఆ పోటీలోనే. .22 సంగతంటారా? హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది ఆ తూటాతోనే. అంటే లోపం తూటాలో లేదు. ఏడాదిలో ఒక్కసారైనా రేంజికి వెళ్లనివాడు తూటా చిన్నదని ఏడవడం, ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది.

లైసెన్సున్న సభ్యులకు ఇక్కడే ఒక మాట. ".32" అని పేరు ఒకటే అయినా రివాల్వర్ తూటా వేరు, పిస్టల్ తూటా వేరు. ఏసీపీ తూటా కొన్ని రివాల్వర్లలో దూరుతుంది కూడా. దూరింది కదా అని కాల్చకండి. తుపాకీ మీద ఏం రాసుందో అదే కొనండి.

2023లో వచ్చిన 'ప్రబల్' రివాల్వర్ 50 మీటర్లు కొడుతుందని ప్రకటించారు. మన ఫ్లాట్లలో హాలు ఎంత పొడవుంటుంది? ఆరు మీటర్లు? ఆ హాలు చివర ప్లైవుడ్ తలుపు, దాని వెనక పిల్లల గది. గోడ అవతల పక్కింటి అత్తయ్యగారు. ఆ తలుపును .32 కూడా దాటగలదు. మూడు రెట్లు శక్తి ఉన్న 9 ఎంఎం ఎక్కడిదాకా పోతుందో మీరే ఊహించుకోండి. అర్ధరాత్రి నిద్రకళ్లతో, వణికే చేతులతో కాల్చినప్పుడు దొంగకు తగులుతుందన్న హామీ ఏ తూటా ఇస్తుంది?

చట్టం వైపు నుంచి చూసినా ఈ తీర్మానం నిలవదు. నగరంలో మామూలు లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్. నిషిద్ధ బోరు మాత్రం కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది, అదీ తీవ్రమైన ప్రాణహాని రుజువైతే. 2019 సవరణతో ఒక్కొక్కరికి ఉండే తుపాకుల పరిమితి మూడు నుంచి రెండుకు తగ్గింది. నిషిద్ధ ఆయుధం అక్రమంగా ఉంచుకుంటే కనీస శిక్ష ఏడేళ్లకు పెరిగింది. పెళ్లిలో సరదాగా గాల్లోకి కాల్చినా రెండేళ్ల జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ పడొచ్చు. దేశం అటు నడుస్తుంటే మన సంఘం లెటర్‌హెడ్ మీద "పెద్ద తూటా ఇవ్వండి" అని రాయడమా? ఊరుగాని ఊర్లో భాష కోసం, పండగ కోసం కట్టుకున్న సంఘం ఇది. రేపు కన్నడ ఇరుగుపొరుగు "తెలుగువాళ్లు తుపాకులు అడుగుతున్నారట" అంటే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టిన నలుగురు కాదు, మనందరం.

కాబట్టి మేము కోరేది ఇది. ఈ తీర్మానాన్ని ఎజెండా నుంచి తీసేయండి. నిజంగా ప్రాణభయం ఉన్న సభ్యులు కమిషనర్ కార్యాలయంలో సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, వాళ్ల హక్కును మేము కాదనడం లేదు. తుపాకీ మీద ఆసక్తి ఉన్నవాళ్లు పిల్లలతో సహా రేంజిలో చేరి ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టి .22 దాకా నేర్చుకోండి. సంఘం డబ్బుతో వీధి చివర లైట్లు, పనిచేసే కెమెరాలు, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల ఇళ్లకు గట్టి తాళాలు పెట్టిద్దాం. 112 నంబరు ప్రతి ఇంటి తలుపు వెనక అంటిద్దాం.

విభేదించేవాళ్లు సమావేశానికి రండి, ఎదురెదురుగా మాట్లాడుకుందాం. ఓటింగ్ పెడితే మా చేతులు మాత్రం "వద్దు" అనే వైపే లేస్తాయి.