పింఛన్ భిక్ష కాదు, బాకీ

నెల మొదటి తారీఖున మా మాదిగపల్లెలో ముసలోళ్లు తెల్లారకముందే లేచి అరుగుల మీద కూర్చుంటారు. డబ్బు చేతిలో పెడుతూ, ఫలానా నాయకుడు ఇచ్చాడు, గుర్తుపెట్టుకోమంటారు. ఎవరి సొమ్ము ఎవరిచ్చారు? యాభై ఏళ్లు నడుం వంచి నాట్లేసి, కలుపు తీసి, పాలేరుతనం చేసినవాళ్లకు ఏ ఆసామి అయినా ప్రావిడెంట్ ఫండ్ కట్టాడా? ఆ చాకిరీతో పండిన ధాన్యమే కదా దేశమంతా తిన్నది!

కేంద్రం 1995 ఆగస్టు 15న వృద్ధాప్య పింఛన్ మొదలుపెట్టింది. నెలకు 75 రూపాయలు. తర్వాత 200 చేసి, 80 నిండనివాళ్లకు అక్కడే పదిహేనేళ్లకు పైగా ఆపేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో 4,000 అయింది. పెరిగింది, కాదనం. కానీ ఇంటికి ఒక్కరికే అంటారు. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ కూలికి పోయారు, ముసలితనం ఒక్కరికే వచ్చిందా? ఇక వయసు సంగతి. ఆధార్‌లో ఎవరో తోచిన సంవత్సరం వేశారు. (మేం పంతుళ్లం తక్కువేం కాదు, వాడ పిల్లలంతా జూన్‌లోనే పుట్టినట్టు బడి రిజిస్టర్లో రాసేశాం.) వేలిముద్ర పడదు. ఆ గీతలు కొడవలి పిడికే అరిగిపోయాయి.

2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం తెచ్చారు. కొడుకు చూడకపోతే ట్రిబ్యునల్‌కు పొమ్మంటుంది. ఆ కొడుకే ఇక్కడ పని లేక హైదరాబాదు బేల్దారి పనికి పోతే? అదే చట్టంలో జిల్లాకొక వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి అని ఉంది. కానీ సర్కారు 'పెట్టవచ్చు' అని రాసుకున్నారు. కొడుక్కి తప్పదట, సర్కారుకి మాత్రం వీలైతేనట! రాజ్యాంగం 41వ అధికరణం ముసలితనంలో, జబ్బులో సాయం పొందే హక్కు చెప్పింది. అదీ ఆదేశిక సూత్రమే, కోర్టుకెక్కి రాబట్టలేం.

మా నాయన గొంతు క్యాన్సర్‌తో పోయాడు. పెద్దాసుపత్రిలో 'ఇంక ఇంటికి తీసుకెళ్లండి' అన్నారు. తెచ్చాం. నొప్పికి రాత్రుళ్లు మంచం పట్టె కొరికేవాడు. మార్ఫిన్ అనే మాత్ర ఒకటుందని కూడా మాకెవరూ చెప్పలేదు. అదేం ఖరీదైన మందు కాదు. 1985 నాటి మత్తుమందుల చట్టానికి భయపడి ఆసుపత్రులు దాన్ని దగ్గర పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించారు. మాత్ర మాత్రం మా పల్లె దాకా రాలేదు. కేరళ 2008లోనే, చావు దగ్గరపడ్డ రోగులకు నొప్పి తగ్గించే వైద్యం సర్కారు బాధ్యత అని విధానం ప్రకటించింది. అక్కడ పంచాయతీ తరఫున నర్సు ఇంటికే వస్తుంది. మన ఏఎన్ఎం పిల్లలకు టీకాలు వేయడానికి వాడకొస్తోంది కదా, మంచాన పడ్డవాళ్ల గడప ఎందుకు తొక్కదు?

సంఘం మిత్రులారా, వచ్చే గ్రామసభకు ప్రతి వాడ నుంచి ఒక కాగితం రాసుకురండి. పింఛన్ ఆగినవాళ్ల పేర్లు ఒక పక్క, మంచంలో ఉన్నవాళ్ల పేర్లు ఒక పక్క. రాయడం రాకపోతే బడిపిల్లల చేత రాయిద్దాం. అది ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేసిన రశీదు చేతికొచ్చేదాకా అక్కడే కూర్చుందాం.

జై భీమ్!