వాయుగుండం మీద ఒక్క మాట చాలదు

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడగానే కృష్ణా డెల్టాలో సార్వా వరి రైతు గుండెలో రాయి పడుతుంది. పైరు కోతకొచ్చి ఉంటుంది. కోస్తే పనల మీద తడిసి గింజ మొలకెత్తుతుందని భయం. ఉంచితే గాలికి చేను పడిపోతుందని భయం.

2013 నవంబరు సంగతే చూడండి. 22న హెలెన్ తుపాను మచిలీపట్నానికి దక్షిణాన తీరం దాటి చేలను ముంచింది. వారం తిరక్కుండానే లెహర్ పెనుతుపానుగా వస్తోందన్నారు. అది సముద్రంలోనే నీరసించి, 28న వాయుగుండంగా తీరం చేరింది. ఇలాంటప్పుడు "వాళ్లు చెప్పేదొకటి, జరిగేదొకటి" అనేయడం మనకు అలవాటు. కానీ ఈ లెక్క ఎలా కడతారో రైతు కూడా తెలుసుకోవాలి.

పొలాన్ని మడులుగా విడగొట్టినట్టు, కంప్యూటరులో ఆకాశాన్ని గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో గాలి, పీడనం, వేడి, తేమ ఎంతో వేసి, కాసేపటికి ఏ గడిలో ఏం మారుతుందో లెక్కిస్తారు. అలా కొద్ది కొద్దిగా ముందుకు జరుపుతూ పది రోజుల దాకా పోతారు. నేల మీద కొలిచే కేంద్రాలున్నాయి, విశాఖ, మచిలీపట్నం నుంచి బెలూన్లు ఎగరేస్తారు. నడిసముద్రంలో మాత్రం ఉపగ్రహాలు, కొద్దిపాటి బోయలే దిక్కు. మొదట పిసరంత తేడా ఉన్నా రోజులు గడిచేకొద్దీ పెరిగిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లో ఇలాంటి లెక్కను మధ్యలోంచి మళ్లీ మొదలుపెడుతూ 0.506127కు బదులు 0.506 వేశారు. కొన్నాళ్లకు వచ్చిన వాతావరణం మొదటిదానితో పొంతనే లేదు!

అందుకే మొదటి అంకెలను కాస్త కాస్త మార్చి అదే లెక్కను పలుమార్లు వేస్తారు. మన దేశంలో 12 కిలోమీటర్ల గళ్లతో 21 లెక్కలు వేసే పద్ధతి 2018లో మొదలైంది. ఇరవై ఒక్కటిలో పద్దెనిమిది మన తీరం వైపు చూపిస్తే ఒక సంగతి, ఆరే చూపిస్తే ఇంకో సంగతి.

ఆ వంతులు రైతుకూ చెప్పాలి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ సలహాలో "వర్షం పడే అవకాశం ఉంది" అని ఊరుకుంటే ఏం చేసుకోవాలి? పదిలో ఎనిమిది వంతులంటే రైతు కోత ఆపుకుంటాడు. రెండంటే కోసి, బరకాలు దగ్గర పెట్టుకుంటాడు. కౌలు రైతుకు ఆ తేడాయే ఏడాది తిండి.

మనమూ ఒకసారి విని వదిలేయకూడదు. వారం ముందు చెప్పింది జాగ్రత్తపడటానికి, రెండు రోజుల ముందు చెప్పింది నిర్ణయానికి. ఈ మధ్యలో రోజూ వినాలి.

నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్క నోటితో కట్టే రైతుకు పదిలో ఎనిమిది అంటే అర్థం కాదా? అధికారులు ఆ అంకెను తెలుగులో, కోతలకు ముందే, మండలాల వారీగా చెప్పాలి.