కోకిల పాటా, కాకి చాకిరీ

చైత్ర శుద్ధ పాడ్యమి వచ్చిందంటే తెలుగు కవులకు తీరిక వుండదు. ఆకాశవాణి మొదలు కళాశాలల దాకా ఉగాది కవిసమ్మేళనాలు. మావిచిగురు, కోయిల, వేపపూత - ఈ మూడూ లేకుండా పద్యమైనా వచనకవితైనా ముగియదు. ఇందుకు నాకు అభ్యంతరం లేదు. చెట్టు చిగురిస్తే మనిషి సంతోషించడం ఆరోగ్య లక్షణమే. నా అభ్యంతరమల్లా ఆ కవితల్లో తరచు వినిపించే ఒక సమీకరణం గురించి. ప్రకృతి తల్లి, తల్లి ప్రకృతి, కవి కూడా ఒక తల్లే, కావ్యం అతని బిడ్డ. పొలంలో భూమి ప్రసవిస్తుంది, ఇంట్లో ఇల్లాలు ప్రసవిస్తుంది, వేదికమీద కవి ప్రసవిస్తాడు! వినడానికి ఇది స్త్రీకి జరిగిన సన్మానంలాగే వుంటుంది. నిజానికి ఇది ఎగవేత. తల్లికి చెల్లించవలసిన బాకీని పొగడ్తతో చెల్లువేసే ఎగవేత.

ఎట్లాగంటారా? ప్రకృతి అనే మాట ఇక్కడ చేస్తున్న పనేమిటో చూడండి. చెట్టు కాయలు కాస్తే దానికి కూలి ఇవ్వనక్కరలేదు. ఏరు పారితే దానికి సెలవు ఇవ్వనక్కరలేదు. అది వాటి స్వభావం. తల్లి కూడా ప్రకృతే అయినప్పుడు ఆమె చేసేది శ్రమ కాదు, స్వభావం. స్వభావానికి వేతనమేమిటి, విశ్రాంతి ఏమిటి? భూస్వామి పాలేరుతో "నువ్వు మా ఇంట్లో మనిషివిరా" అంటే ఆ మాట వెనకవున్న లెక్క మనకు ఇట్టే అర్థమవుతుంది. కవి తల్లితో "నీవే వసంతానివి" అంటే మాత్రం చప్పట్లు కొడతాం.

కవులు సాక్ష్యానికి తెచ్చిన కోకిలనే విచారిద్దాం. వసంతంలో ఎలుగెత్తి కూసేది మగ కోకిల. నల్లని ఒళ్ళు దానిదే. ఆడ కోకిల గోధుమవన్నె ఒంటిమీద తెల్లని చుక్కలతో వుంటుంది. దాని అరుపు మన కవులకు పాటగా తోచలేదు. అది గుడ్లు పెట్టేది కాకి గూట్లో. పొదిగేది కాకి, మేపేది కాకి. ఈ సంగతి పూర్వులకు తెలుసు. కనుకనే అమరకోశం కోకిలకు పరభృతమనే పేరు కూడా చెప్పింది. పరులచేత పోషింపబడేదని దాని అర్థం. ఆ పేరును మన ప్రబంధకవులు యతికీ ప్రాసకూ అక్కరకు వచ్చినంతమేరకు వాడుకొన్నారు. కాకికి మాత్రం వసంతవర్ణనలో చోటు దొరకలేదు. పక్షుల బ్రతుకునుంచి మనుషులకు నీతి తీసే అలవాటు నాకు లేదు; ప్రకృతికి నీతీ లేదు, అవినీతీ లేదు. కాని తీయదలచుకొన్నవారు పూర్తిగా తీయాలి. పాడే గొంతు ఒకచోట, పెంచే చాకిరీ ఇంకొకచోట వుండవచ్చునన్నదే కోకిల ఇచ్చే సాక్ష్యం.

మన రచయితల్లో ఎందరం పరభృతాలం? ఈ ప్రశ్న ముందుగా నాకే తగులుతుంది. ఈ వ్యాసం నేను మూడు సాయంత్రాలు కూర్చుని వ్రాశాను. ఆ మూడు సాయంత్రాలూ మా మూడేళ్ళ పిల్లకు అన్నంపెట్టి, కథచెప్పి, నిద్రపుచ్చినది నా భార్య. ఆమె చదివినదీ తెలుగు ఎం.ఏ.యే. పెళ్ళికి ముందు కథలు వ్రాసేది. కొత్తగా ఏమి వ్రాస్తున్నావని మిత్రులు నన్ను అడుగుతారు. ఎందుకు మానేశావని ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే సమాధానం నామీదికే వస్తుందని తెలిసి అడగలేదు.

ఇది ఒక ఇంటి సంగతే అయితే వ్యాసం అక్కరలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ తేల్చింది. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఇది పనిచేసినవారి సగటు మాత్రమే. చీపురు ముట్టని మగవారు ఈ లెక్కలోకి రానేలేదు. పిల్లల పెంపకం, ముసలివారి సేవ దీనిలో చేరవు; వాటి పద్దు వేరు. అయిదేళ్ళలో స్త్రీకి పది నిమిషాలు మిగిలితే, పురుషుడికి తొమ్మిది మిగిలాయి. అంత తక్కువ చేసేవాడికి కూడా తగ్గింపులో దాదాపు సమాన వాటా!

పొగడ్త ఎక్కడ హెచ్చుతుందో అక్కడ లెక్క తగ్గుతుందనడానికి ప్రభుత్వమే ఉదాహరణ. 2013 నాటి ఆహారభద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సహాయం ఇవ్వాలన్నది. 2017లో వచ్చిన పథకం తొలి కాన్పుకు 5,000 ఇచ్చి, మిగిలినది మరొక పథకం చూసుకొంటుందన్నది. ఆ పథకం పేరు మాతృ వందన. వందనం పెరిగింది, వెయ్యి తరిగింది. అదే ఏడు ప్రసూతి చట్టాన్ని సవరించి, ఉద్యోగినుల సెలవును 12 వారాలనుంచి 26 వారాలకు పెంచారు; మంచిదే. కాని కవులు వసంతగానం చేసే రోజుల్లోనే గుంటూరు సీమలో మిరప కోతలకు వెళ్ళే కూలి తల్లికి ఏ యజమాని 26 వారాలు ఇస్తాడు? గట్టుమీద చెట్టుకు ఉయ్యాల కట్టి, ఘాటుకు మండే చేతులతో బిడ్డకు పాలివ్వడానికి జంకే ఆమెకు వసంతమంటే ఏమిటో ఏ కవిసమ్మేళనం అడిగింది?

"అయితే మాతృత్వంలో ఆనందమే లేదంటారా?" అని కొందరు పెద్దలు గద్దిస్తారు. నేనట్లా అనలేదు. పండిన చేను చూసి రైతు ఆనందిస్తాడు. అంతమాత్రంచేత గిట్టుబాటు ధర అడగవద్దంటామా? ఆనందాన్ని చూపి హక్కును అడ్డుకొనే వాదం రైతు విషయంలో మనకు అన్యాయంగా కనిపిస్తుంది. తల్లి విషయంలో సంస్కృతిగా కనిపిస్తుంది.

ఇక్కడ మన అభ్యుదయ శిబిరం చేతులు కడుక్కోవడానికి వీల్లేదు. మనమూ దేశాన్ని తల్లిని చేశాం, విప్లవాన్ని ప్రసవం చేశాం. గోర్కీ "అమ్మ"ను తలకెత్తుకొన్నాం. కాని ఆ నవలలో నీలోవ్నా గొప్పతనం కొడుకును కన్నందువల్ల వచ్చినది కాదు. నడివయసులో చదువు నేర్చింది. తినుబండారాలు అమ్మే నెపంతో ఫ్యాక్టరీలోకి కరపత్రాలు చేరవేసింది. ఆమె చేతిలోని కరపత్రాలను జారవిడిచి, "అమ్మ" అనే పేరొకటే మనం మిగుల్చుకొన్నాం. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోట చెప్పిన మాటలు 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా వచ్చేదాకా, అడవిలో కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథ మన పోరాట సాహిత్యానికి పట్టలేదు. తరువాత విమల "వంటిల్లు", కొండేపూడి నిర్మల "లేబర్ రూం" వచ్చాయి. నిర్మల ప్రసవాన్ని ఉపమానంగా కాక, ప్రసవంగా వ్రాశారు. అప్పుడు ముఖం చిట్లించినవారిలో మనవారూ వున్నారు. కవి ప్రసవవేదన సాహిత్యమైతే, స్త్రీ ప్రసవవేదన అశ్లీలమెట్లా అయింది?

వ్రాసే తల్లికి ఇది జీవన్మరణ సమస్య. అమెరికాలో టిల్లీ ఓల్సెన్ కమ్యూనిస్టు కార్యకర్త, నలుగురు ఆడపిల్లల తల్లి, కూలికి పనిచేసిన మనిషి. 1930లలో మొదలుపెట్టిన నవల ఎప్పటికీ పూర్తికాలేదు. అసంపూర్ణంగానే 1974లో వెలువడింది. తొలి కథల పుస్తకం 1961లో వచ్చేసరికి ఆమెకు యాభై ఏళ్ళు నిండవచ్చాయి. ఆమెకు ప్రతిభ తక్కువ కాలేదు, గంటలు తక్కువైనాయి. మన భాషలో అచ్చుకాకుండానే ఆగిపోయిన ఓల్సెన్‌లు ఎందరో చెప్పే గ్రంథసూచిక ఏదీ లేదు. వ్రాయని పుస్తకాలకు సూచికలుండవు.

కాబట్టి తల్లిని పొగడడం కొంతకాలం ఆపుదాం. మన సభలు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. వాటిని పిల్లల తల్లులు కూడా కూర్చోగల వేళకు మార్చుదాం. సభ జరిగినంతసేపు పిల్లలను చూసే పని కార్యకర్తలకు, ముఖ్యంగా మగ కార్యకర్తలకు, వంతులవారీగా అప్పగిద్దాం. పొలంలో, ఇళ్ళల్లో కూలిచేసే స్త్రీలకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు కావాలని రచయితల సంఘాలు తీర్మానాలు చేయాలి. విమర్శకులు ఒక రచయిత్రి తక్కువ వ్రాసిందని తీర్పు చెప్పేముందు, ఆమెకు దొరికిన గంటలెన్నో విచారించాలి.

ఈ వ్యాసం పంపించిన మరునాటినుంచి సాయంత్రాలు పిల్లను చూసుకొనే వంతు నాది. ఆమె మళ్ళీ కథలు వ్రాస్తుందో, వ్రాయదో ఆమె ఇష్టం. నేను తక్కువ వ్రాస్తానన్నది మాత్రం ఖాయం. అందువల్ల తెలుగు సాహిత్యానికి వచ్చే నష్టమేమిటో వచ్చే ఉగాదికి పాఠకులే చెప్పవచ్చు.