బొమ్మ వెనుక ప్రాణి

1958లో హైదరాబాదులోని తార్నాక పరిసరాలకు రెండు సంస్థలు దక్కాయి. ఒకటి, కూనూరు నుంచి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం; ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ. రెండోది, ఆంగ్ల బోధన కోసం మొదలై 2007లో విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం). ఒకచోట ఎలుకలకు తిండి పెట్టి, తూచి, రక్తం తీసి మన అన్నంలో ఏముందో, ఏం లేదో తేలుస్తారు. ఇంకోచోట కథలనూ సినిమాలనూ చదువుతారు. పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖ, కాస్త ముందుకు పోతే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ. అంతరించిపోతున్న జాతుల సంరక్షణకు పనిచేసే దాని అనుబంధ సంస్థ లాకోన్స్ చేసిన కృత్రిమ గర్భధారణతో 2006లో చుక్కల దుప్పి పిల్ల పుడితే స్పాటీ అని పేరు పెట్టుకున్నారు. జంతువు గురించిన ఇంత చదువు ఇంత దగ్గర దగ్గరగా పోగుపడ్డా, ఒక శాఖ సిద్ధాంత గ్రంథం పక్క శాఖ బల్ల మీదికి చేరడం అరుదు.

ఇందులో మనం పోగొట్టుకుంటున్నదేమిటో ‘ఈగ’ను చూస్తే తెలుస్తుంది. 2012లో వచ్చిన ఆ సినిమాలో ఈగకు రూపమిచ్చింది హైదరాబాదు మకుట సంస్థ కళాకారులు. ఆ ప్రాణికి రెప్ప లేదు, పెదవి లేదు. కోపమైనా వలపైనా ముందుకాళ్లతో, రెక్కలతో, తల తిప్పడంతోనే పలికించాలి. నమూనా ఫొటోల కోసం నిజం ఈగను సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, స్పృహ తప్పాక తీశామని దర్శకుడు రాజమౌళి చెప్పారు. సినిమా విద్యార్థి దీన్ని తెర వెనుక ముచ్చటగా వదిలేస్తాడు. కీటకాలపై పనిచేసేవారికి చల్లబరచడం తెలిసిన పద్ధతే. ఇద్దరూ కలిసి కూర్చుంటే అసలు ప్రశ్న పుడుతుంది: ఈగ కాళ్లు రుద్దుకునేది ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, ప్రేక్షకుడు అందులో పగ చూశాడు. ఆ పగ ఎవరిది?

తోలుబొమ్మల దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంటలో మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు దూరేంత పలచన చేసి ఆరబెడతారు. ఉలితో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులద్ది, కీళ్ల దగ్గర దారంతో కట్టాకే హనుమంతుడు తెర మీదికి లేస్తాడు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక జంతువు చర్మమే మరో ప్రాణిగా కదిలే ఈ కళ యానిమేషన్ పాఠంలో మొదటి పుటలో ఉండాలి. జానపద కళల అధ్యాయానికి అప్పగించి చేతులు దులుపుకోవడం అన్యాయం.

తార్నాక చుట్టూ ఉన్న విశ్వవిద్యాలయాలను మేం కోరేది పెద్ద పనేం కాదు. యానిమేషన్ మీద వచ్చే తర్వాతి పీహెచ్‌డీకి జంతుశాస్త్ర ఆచార్యుణ్ని పరీక్షకుడిగా పిలవండి. మౌఖిక పరీక్ష రోజున తోలుబొమ్మలాడించే కళాకారుణ్నీ కూర్చోబెట్టండి, ఆయన్నూ ప్రశ్నలు అడగనివ్వండి. ప్రయోగశాలలో ఎలుకలను సాకే ఉద్యోగి ఎవరైనా తన అనుభవాన్ని తెలుగులో రాసి పంపితే, మా పత్రిక వచ్చే సంచికలో మొదటి వ్యాసంగా అచ్చు వేస్తాం.