ముందు ‘ఎక్కడ?’... ఆ తర్వాతే ‘ఏమిటి?’

‘హలో... పోలీసులేనా? తొందరగా రండి, యాక్సిడెంటయింది!’

‘ఎక్కడండీ?’

‘రోడ్డు మీద!’

‘ఏ రోడ్డండీ? దగ్గర్లో ఏ ఊరు?’

‘ఆంజనేయస్వామి గుడి దాటాక... రక్తం కారిపోతోందమ్మా, ముందు బండి పంపండి!’

ఆంజనేయస్వామి గుడి లేని ఊరు తెలుగునాట ఎక్కడుంది? అయినా ఫోనెత్తిన అమ్మాయి నవ్వకూడదు, విసుక్కోకూడదు. ‘పంపిస్తామండీ. పక్కన దుకాణం ఏదైనా ఉందా? బోర్డు మీద ఊరి పేరు చదువుతారా?’ అని నెమ్మదిగా అడుగుతుంది. అవతలి మనిషి తల తిప్పి చదువుతాడు. అంతే... ఊరు దొరికింది, బండి కదిలింది!

100కో 112కో ఫోన్ చేస్తే పలికే గొంతుల ఉద్యోగం ఇది. కంగారులో ఉన్నవాళ్లు మొదట చెప్పేది ఏం జరిగిందో. ఫోనెత్తినవాళ్లు మొదట అడిగేది ఎక్కడ జరిగిందో. ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా బండి పంపొచ్చు. ఎక్కడికో తెలియకపోతే ఎన్ని బండ్లుండి ఏం లాభం? మాట మధ్యలో ఛార్జింగ్ అయిపోవచ్చు, ఎవరో ఫోన్ లాక్కోవచ్చు. అప్పటికి చోటు తెలిస్తే చాలు.

ఫోన్ ఎక్కడుందో ఇప్పుడు కంప్యూటరే చూపిస్తుంది కదా అనొచ్చు. నిజమే. కానీ, సెల్ టవర్‌ని బట్టి దొరికే ఆచూకీ పల్లెల్లో కిలోమీటర్ల మేర విస్తరించి ఉంటుంది. అందుకే ఎంత టెక్నాలజీ వచ్చినా నోటితో అడగడం తప్పలేదు.

ఒకరు వింటారు... ఒకరు పంపుతారు

ఫోన్‌లో మాట్లాడేవారు కాల్ టేకర్. బండిని పంపేవారు డిస్పాచర్. కాల్ టేకర్ వింటూనే వివరాలు టైపు చేస్తుంటే, అవి డిస్పాచర్ తెర మీద ప్రత్యక్షమవుతాయి. ఏ పోలీసు బండి దగ్గర్లో ఉందో మ్యాపులో చూసి, దానికి సమాచారం పంపడం డిస్పాచర్ పని. ‘ఇన్ని ప్రశ్నలెందుకు, ముందు బండి పంపండి’ అని చాలామంది కోప్పడుతుంటారు. చోటు తెలిశాక బండి దారిలో ఉండగానే మిగతా ప్రశ్నలు సాగుతాయన్న సంగతి వాళ్లకు తెలీదు. కొట్టినవాడు అక్కడే ఉన్నాడా, చేతిలో కత్తి ఉందా అన్న వివరం వెళ్లే కానిస్టేబుల్ ప్రాణానికీ రక్ష.

అయిదుగురు పోయాక

అత్యవసర ఫోన్ నంబరు పుట్టుక వెనక ఓ విషాదం ఉంది. 1935 నవంబరులో లండన్‌లోని వింపోల్ వీధిలో ఓ ఇల్లు అంటుకుంది. ఎదురింటాయన ఫోన్ చేస్తే ఎక్స్ఛేంజీ వాళ్లు వరసలో ఉంచారు. ఆ మంటల్లో అయిదుగురు మహిళలు చనిపోయారు. దాంతో అత్యవసర కాల్స్‌ను వేరుగా గుర్తించాలన్న ఆలోచన వచ్చింది. 1937 జూన్ 30న లండన్‌లో 999 మొదలైంది. అమెరికాలో తొలి 911 కాల్ 1968 ఫిబ్రవరి 16న, అలబామాలోని హేలీవిల్ అనే చిన్న పట్టణంలో మోగింది. మన దగ్గర పోలీసుకు ఒకటి, ఫైరింజనుకు ఒకటి, అంబులెన్సుకు ఒకటి అంటూ నంబర్లుండేవి. అన్నిటికీ కలిపి 112 అనే ఒకే నంబరు 2018 నవంబరులో హిమాచల్‌ప్రదేశ్‌తో మొదలై, తర్వాత తెలుగు రాష్ట్రాలకూ వచ్చింది.

ఎవరికి నప్పుతుంది?

కొన్నిచోట్ల పోలీసు సిబ్బందే ఈ పని చేస్తారు. కొన్నిచోట్ల ఏజెన్సీల ద్వారా తీసుకుంటారు. చదువు అర్హత ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, కావలసిన గుణాలు మాత్రం అన్నిచోట్లా ఒకటే. వింటూ, మాట్లాడుతూ, టైపు చేయగలగాలి. తెలుగుతోపాటు హిందీ, ఇంగ్లిషు వస్తే మంచిది. శ్రీకాకుళం యాసా తెలియాలి, ఆదిలాబాద్ యాసా అర్థంకావాలి. రాత్రి డ్యూటీలకూ, పండగనాటి డ్యూటీలకూ సిద్ధపడాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఓపిక. పిల్లలు ఆడుకుంటూ నొక్కే కాల్స్, తాగినవాళ్ల తిట్లు, ఉత్తుత్తి బెదిరింపులు... రోజూ ఎన్నో. అలాగని అవతల మాట వినపడకపోతే పెట్టేయడానికి లేదు. భర్త పక్కనుండగా మాట్లాడలేని ఇల్లాలు కావచ్చు. అలాంటప్పుడు ‘అవును, కాదు అని మాత్రం చెప్పమ్మా’ అంటూ ఒక్కో ప్రశ్నా వేసి సంగతి రాబట్టాలి.

క్లైమాక్స్ తెలియని కథలు

ఈ ఉద్యోగంలో జీతం సంగతెలా ఉన్నా, బరువు వేరే ఉంది. బండి చేరగానే ఫోన్ కట్ అవుతుంది. ఆ పిల్లాడు బతికాడా, ఆ అమ్మాయి ఇల్లు చేరిందా? చాలాసార్లు తెలియదు. ఘటనా స్థలానికి వెళ్లకుండా, కేవలం వినడం వల్ల కూడా మనసుకు గాయమవుతుందని అమెరికాలో 911 సిబ్బంది మీద జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. అయినా అక్కడి ప్రభుత్వం 2018 నాటి వృత్తుల జాబితాలో వీరిని ఆఫీసు సిబ్బంది కోవలోనే ఉంచింది. పోలీసు, అగ్నిమాపక సిబ్బంది సరసన చేర్చలేదు. టెక్సాస్ రాష్ట్రం మాత్రం 2019లో చట్టం చేసి వారిని ఆపదలో ముందుగా స్పందించేవారిగా గుర్తించింది. బండి కన్నా ముందు బాధితుడిని చేరేది వాళ్ల గొంతే మరి!

వారికి మనం చేయగల సాయం ఒకటుంది. ఇంట్లో పిల్లలకు అమ్మానాన్నల పేర్లతోపాటు ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కంఠతా వచ్చేలా చూడటం. ప్రయాణంలో ఏ ఊరు దాటుతున్నామో గమనించుకోవడం.

ఎందుకంటే, పాత ఫోన్ సంగతి ఏమైందోనని ఆలోచించే తీరిక ఆ అమ్మాయికి లేదు. ఇంతలోనే మరో ఫోన్ మోగుతుంది.

‘నమస్కారం. చెప్పండి... మీరు ఎక్కడున్నారు?’